సున్నపు నేలలో చేపల తొట్టి
(నీటి కాఠిన్యమును కొలుచుట, సరిదిద్దుట)

కర్నూలు, కడప సీమలలో నీటి గుణమును అందరికన్న ముందుగా కనిపెట్టునది వంటయిల్లు. ఒక బావి నీటిలో కందిపప్పు ఎంతసేపు కాచినను ఉడకదు. వేరొక బావి నీటిలో త్వరగా మెత్తబడును. బట్టలకు సబ్బు ఎంత రుద్దినను కొన్ని నీళ్లలో నురుగు రాక తెల్లని తెట్టె మాత్రము తేలును. నీరు కాచిన పాత్ర అడుగున సున్నపు పొర కట్టును. ఇట్టి నీటిని రసాయనశాస్త్రమున కఠినజలమందురు.

ఈ నీటినే పాఠశాలలోని చేపల తొట్టిలో, అనగా అక్వేరియములో, నింపినచో ఏమి జరుగును? మొదటి వారములో అంతయు బాగుగనే కనిపించును. క్రమముగా అద్దముపై నీటిమట్టము వెంట తెల్లని గీత ఏర్పడును. కొన్ని మొక్కల ఆకులపై బూడిద చల్లినట్లు పొర కట్టును. కొన్నింటి లేత ఆకులు పసుపుపచ్చగా మారును. ఇది తెగులని తలచి కొందరు మందులు వేయుదురు. ఎరువు చాలలేదని మరికొందరు ఎరువు వేయుదురు. దానితో నీరు చెడి చేపలు చచ్చును. ఆ నీటి స్వభావమును ముందుగా తెలిసికొనియుండిన యెడల ఈ చికిత్సలలో చాలవరకు అవసరమే యుండెడిది కాదు.

కాఠిన్యమనగా నేమి?

నీటిలో కరిగియున్న కాల్షియము, మెగ్నీషియము లవణముల వలన కాఠిన్యము కలుగును. ఒక లీటరు నీటిలోని ఈ లవణములు ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేటునకు సమానమో లెక్కించి కాఠిన్యమును తెలుపుదురు. ఈ లెక్కలో 60 వరకు ఉన్న నీరు మృదువు. 61 నుండి 120 వరకు కొంచెము కఠినము. 121 నుండి 180 వరకు కఠినము. అంతకు మించినది మిక్కిలి కఠినము. చేపల తొట్టెలను గూర్చిన పుస్తకములలో జర్మన్ డిగ్రీ అను మరియొక కొలమానము కనిపించును. ఒక జర్మన్ డిగ్రీ సుమారు 17.8 మిల్లీగ్రాములకు సమానము.

త్రాగునీటికి 2012 నాటి భారతీయ ప్రమాణము ప్రకారము 200 మిల్లీగ్రాముల కాఠిన్యము అంగీకారయోగ్యము. వేరు జలాధారము లేనిచోట 600 వరకు అనుమతి కలదు. కావున మనుష్యులు త్రాగదగిన నీరు సైతము కొన్ని సున్నితమైన నీటిమొక్కలకు మిక్కిలి కఠినము కావచ్చును.

కాఠిన్యము రెండు విధములు. కాల్షియము, మెగ్నీషియముల బైకార్బనేటుల వలన కలుగునది తాత్కాలికము. నీటిని కాచినచో ఇందు చాలభాగము తొలగును. సల్ఫేటులు, క్లోరైడుల వలన కలుగునది శాశ్వతము. ఇది కాచినను పోదు. చేపల తొట్టిని పెంచువారు ఈ భేదమును మరువరాదు. ఏలన, నీటి పి.హెచ్. విలువను నిలకడగా నుంచునవి బైకార్బనేటులే. నీటిలోని బైకార్బనేటుల మొత్తమును క్షారత అని వేరుగా కొలుతురు. కొన్ని బావులలో సోడియం బైకార్బనేటు ఎక్కువగా నుండుటచే కాఠిన్యము కన్న క్షారతయే హెచ్చుగా నుండును. కనుక ఈ రెంటిని వేరువేరుగా కొలువవలెను.

మన నీటికి ఈ గుణము ఎట్లు వచ్చినది?

ఆకాశము నుండి పడు వాననీటిలో ఖనిజములు అత్యల్పము. ఆ నీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరిగించుకొనును. నేలలోనికి దిగునప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు విడుచు అదే వాయువును మరింత గ్రహించి బలహీనమైన ఆమ్లమగును. ఈ ఆమ్లజలము సున్నపురాయిని తాకగానే నీటిలో కరుగని కాల్షియం కార్బనేటు, కరుగునట్టి కాల్షియం బైకార్బనేటుగా మారును.

ఇట్టి రాతికి మన సీమలో కొరత లేదు. ఇచ్చటి శిలాశ్రేణులను విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పరిశీలించి, కడప శ్రేణి, కర్నూలు శ్రేణి అను పేర్లతో 1872లో వర్ణించెను. కడప శ్రేణిలోని వేంపల్లె శిలలలో డోలమైటు విస్తారముగా కలదు. ఇందు కాల్షియముతోబాటు మెగ్నీషియము కూడ ఉండును. కర్నూలు శ్రేణిలో నార్జి సున్నపురాయి ముఖ్యమైనది. ఇండ్లలో పరచు కడప బండలు, బేతంచెర్ల బండలు, ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములు, ఇవన్నియు ఈ సీమ సున్నపురాతి సంపదకు నిదర్శనములు.

నీరు రాతిని ఎంతగా కరిగింపగలదో చూడదలచినవారు బెలుం గుహలకు పోవలెను. కొలిమిగుండ్ల మండలములోని ఈ గుహలు పూర్వము కర్నూలు జిల్లాలో నుండెడివి. 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినవి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీనిని పేర్కొనెను. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబవర్ నాయకత్వమున జర్మన్ గుహాపరిశోధకులు వీనిని వివరముగా కొలిచిరి. వీని పొడవు 3,229 మీటర్లు. ఆ సొరంగములలో ఒకప్పుడు నిండియుండిన రాయి నీటిలో కరిగి పోయినది. నేడు మన బావినీటిలో కాఠిన్యమును కలిగించుచున్నదియు ఇదే క్రియ.

అయితే పడమట ఆదోని వైపున గ్రానైటు, నైసు రాళ్లు కలవు గనుక అచ్చటి బావినీరు తప్పక మృదువుగా నుండునని తలంపరాదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ గల చోట లవణములు కొట్టుకొనిపోక నేలలోనే నిలుచును. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరు కర్నూలు-కడప కాలువలో వరదకాలమున పారు నీటిలో బావినీటికన్న లవణములు సాధారణముగా తక్కువ. ఒకే ఊరిలో రెండు బావులు రెండు విధములుగా నుండవచ్చును. కాబట్టి ఊరి పేరును బట్టి నీటిని నిర్ణయింపరాదు, కొలిచియే తెలిసికొనవలెను.

మొక్కలపై ప్రభావము

లండను నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు చేపలను, నత్తలను, వాలిస్నేరియా మొక్కలను ఒకే తొట్టిలో పెంచి, అవి ఒకదానికొకటి ఎట్లు తోడ్పడునో 1850లో వివరించెను. చేప విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించును. మొక్క వెలుతురులో విడుచు ఆమ్లజనిని చేప పీల్చును. కుళ్లిన ఆకులను నత్త తినును. వాలిస్నేరియా మన దేశపు నీళ్లలోను పెరుగును. నీటి ద్వారా జరుగు పరాగసంపర్కమునకు ఉదాహరణముగా విద్యార్థులు దీనిని పాఠములలో చదివియే యుందురు.

కఠినజలములో ఈ ఏర్పాటునకు ఒక చిక్కు కలుగును. క్షారత ఎక్కువైన నీటికి పి.హెచ్. విలువ కూడ సాధారణముగా ఎక్కువ. పి.హెచ్. 8.3 ఉన్న నీటిలో బైకార్బనేటు సుమారు నూరు పాళ్లుండగా, కరిగిన బొగ్గుపులుసు వాయువు ఒక పాలు మాత్రమే యుండును. ఆ ఒక్క పాలు కొద్దిసేపటిలోనే అయిపోవును. అప్పుడు మొక్కకు ఆహారమెట్లు?

వాలిస్నేరియా, హైడ్రిల్లా, సెరటోఫిల్లము వంటి మొక్కలు బైకార్బనేటునుండి సైతము కర్బనమును గ్రహింపగలవు. అవి అట్లు గ్రహించినప్పుడు ఆకు చుట్టునున్న నీటిలో పి.హెచ్. పెరిగి, కాల్షియం కార్బనేటు మరల ఘనరూపమున ఏర్పడి ఆకుపై పేరుకొనును. మనము బూడిదవలె చూచిన పొర ఇదియే. ఇది తెగులు కాదు. గుహలో నీరు రాతిని కరిగించినది. ఇచ్చట మొక్క అదే రాతిని ఆకుపై మరల పుట్టించుచున్నది. కబొంబా మొక్కకును, నీటిలో పెరుగు ఫాంటినాలిస్ వంటి మాస్ జాతులకును ఈ శక్తి లేదు. అవి బొగ్గుపులుసు వాయువు లేక క్షీణించును.

రెండవ చిక్కు ఇనుమునకు సంబంధించినది. క్షారజలములో ఇనుము హైడ్రాక్సైడుగా మారి అడుగున చేరును. నీటిలో దాదాపు మిగులదు. ఇనుము లేనిదే మొక్క పత్రహరితమును తయారుచేసికొనలేదు. అందుచే లేత ఆకుల ఈనెలు పచ్చగా నుండి, ఈనెల మధ్య భాగము పసుపుపచ్చనగును. సున్నము మిక్కుటమైన నేలలలో వేరుశనగ, చీనీ తోటల ఆకులు పాలిపోవుటకును ఇదే కారణము. పొలములో రైతు చూచు లోపమును విద్యార్థి తొట్టిలో చూచుచున్నాడు.

కొలుచు విధానములు

మొదటిది సబ్బు పరీక్ష. స్కాట్లండు దేశీయుడైన థామస్ క్లార్క్ పందొమ్మిదవ శతాబ్దిలో దీనిని వాడుకలోనికి తెచ్చెను. ఒకే పరిమాణము గల రెండు సీసాలలో ఒకదాన వాననీరు, రెండవదాన బావినీరు సమానముగా పోయవలెను. సబ్బు ద్రావణమును చుక్కచుక్కగా వేయుచు, ప్రతిసారియు బాగుగా కుదిపి, నురుగు కొన్ని నిమిషములు నిలుచుటకు ఎన్ని చుక్కలు పట్టెనో లెక్కింపవలెను. అసలైన సబ్బునే వాడవలెను. బట్టలుతుకు డిటర్జెంటు పొడి కఠినజలములోను నురుగునిచ్చును గనుక దానితో ఈ పరీక్ష సాగదు.

కచ్చితమైన కొలతకు ఇ.డి.టి.ఎ. పద్ధతి శ్రేష్ఠము. స్విట్జర్లండులో గెరోల్డ్ ష్వార్జెన్‌బాఖ్ 1940 దశాబ్దిలో దీనికి పునాది వేసెను. శంకుకుప్పెలో 50 మి.లీ. నీటిని తీసికొని, పి.హెచ్. 10 వద్ద నిలుచునట్లు అమ్మోనియా బఫరు ద్రావణమును, సూచికగా కొంచెము ఎరియోక్రోము బ్లాక్ టి పొడిని కలుపవలెను. నీరు ద్రాక్షసారాయి వలె ఎర్రబడును. బ్యూరెట్టు నుండి 0.01 మోలార్ ఇ.డి.టి.ఎ. ద్రావణమును వదలుచు, ఎరుపు పూర్తిగా పోయి నీలము వచ్చుచోట ఆపవలెను. వాడిన మిల్లీలీటర్లను 20తో హెచ్చించినచో లీటరునకు మిల్లీగ్రాములలో కాఠిన్యము వచ్చును. 20 మి.లీ. పట్టిన యెడల కాఠిన్యము 400.

క్షారతకు 50 మి.లీ. నీటిలో మిథైల్ ఆరెంజి సూచికను వేసి, 0.02 నార్మల్ గంధకామ్లముతో పసుపు రంగు నారింజ రంగుగా మారువరకు అంశమాపనము చేయవలెను. ఇందును మిల్లీలీటర్లను 20తో హెచ్చించిన చాలును. గంధకామ్లమును ఉపాధ్యాయుడే పలుచన చేసి ఇయ్యవలెను. ఎల్లప్పుడు ఆమ్లమునే నీటిలో పోయవలెను గాని నీటిని ఆమ్లములో పోయరాదు.

కాఠిన్యమును తగ్గించుట

ఒక బావినీటి కాఠిన్యము 400, క్షారత 300 అనుకొందము. దీనిని తగ్గించుటకు పలువురు పలు మార్గములు చెప్పుదురు. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

పటిక, చిల్లగింజ నీటిలోని మడ్డిని పేర్చునే గాని కాఠిన్యమును తీయవు. చాకలి సోడా కాల్షియమును దించును. కాని దాని స్థానమున సోడియమును నింపి పి.హెచ్. విలువను పెంచును. ఇండ్లలో ఉప్పుతో పనిచేయు మృదుకరణ యంత్రములును కాల్షియమునకు బదులు సోడియమునే యిచ్చును. క్షారత అట్లే నిలుచును. సబ్బునకు ఇది మేలే గాని మొక్కకు కాదు. నిమ్మరసము, వెనిగరు వంటి ఆమ్లములు బైకార్బనేటును విరిచి పి.హెచ్. విలువను ఒక్కసారిగా దించును. కాల్షియము మాత్రము నీటిలోనే మిగులును. చేపలున్న తొట్టిలో ఇట్టి పని ప్రాణాపాయకరము. కాచుట వలన తాత్కాలిక కాఠిన్యము చాలవరకు పోవును; కాని వంటచెరకు ఖర్చు ఎక్కువ, నీటిలో కరిగిన ఆమ్లజని కూడ పోవును. కాచిన నీటిని చల్లార్చి, గాలి తగులునట్లు పలుమార్లు ఎత్తిపోసి, తేటను మాత్రమే వాడవలెను.

అన్నిటికన్న సులభమైనది వాననీటితో పలుచన చేయుట. వాననీటి కాఠిన్యమును సున్నగా తీసికొన్నచో లెక్క మిక్కిలి తేలిక. కావలసిన కాఠిన్యమును బావినీటి కాఠిన్యముతో భాగించి, తొట్టి పరిమాణముతో హెచ్చింపవలెను. 40 లీటర్ల తొట్టిలో 150 కావలెనన్న, 150ని 400తో భాగించి 40తో హెచ్చింపగా 15 వచ్చును. అనగా 15 లీటర్ల బావినీరు, 25 లీటర్ల వాననీరు కలుపవలెను. అప్పుడు క్షారత కూడ 300 నుండి సుమారు 112కు దిగును. క్షారతను 50కి లోపుగా పోనీయకుండుట మేలు. అది మరీ తగ్గినచో పి.హెచ్. నిలకడ తప్పును.

వాననీటిని పట్టుటలోను జాగ్రత్త కావలెను. తొలకరి జల్లులలో దుమ్ము ఎక్కువ. వానిని వదలి తరువాతి వానను పట్టవలెను. సున్నపు గచ్చు వేసిన మిద్దెమీదుగా, క్రొత్త సిమెంటు తొట్టిలోనికి వచ్చిన నీరు మరల సున్నమును కరిగించుకొనును. ఆరుబయట శుభ్రమైన పట్టాను పరచి పట్టి, ప్లాస్టిక్ పీపాలో మూతవేసి దాచవలెను. వాన లేని నెలలలో ఊరూర దొరకు ఆర్.ఓ. నీరు, అనగా రివర్సు ఆస్మాసిస్ పద్ధతిని శుద్ధిచేసిన నీరు, ఇందుకు పనికివచ్చును. దాని కాఠిన్యమును కూడ ఒకసారి కొలిచిన పిమ్మటనే వాడవలెను.

చేపలున్న తొట్టిలో మార్పు నెమ్మదిగా జరుగవలెను. 40 లీటర్లలో 10 లీటర్లు తీసి అంత వాననీరు పోసిన 400 కాఠిన్యము 300 అగును. మూడు నాలుగు రోజుల కొకసారి చొప్పున మరి రెండుసార్లు చేసిన మొదట 225, పిమ్మట సుమారు 169 అగును. ఒక్కసారిగా నీరంతయు మార్చినచో చేప శరీరములోని లవణములకును, బయటి నీటికిని గల సమత చెడి చేప బాధపడును.

ఖనిజములను చేర్చుట

కొందరు శుద్ధజలమే శ్రేష్ఠమని తలచి తొట్టినంతయు ఆర్.ఓ. నీటితో నింపుదురు. ఇది రెండవ అతి. చేప మొప్పల ద్వారా నీటినుండి కాల్షియమును గ్రహించును. సున్నము లేని నీటిలో నత్త గుల్ల పలుచబడి గుంటలు పడును. మొక్కకు పత్రహరితములో మెగ్నీషియము తప్పనిసరి. అట్టి నీటికి ఖనిజములను చేర్చుటకు అన్నిటికన్న చవుకైన మిశ్రమము మన బావినీరే. అది కుదరనిచోట 100 లీటర్లకు 10 గ్రాముల జిప్సము వేసిన లీటరుకు సుమారు 23 మి.గ్రా. కాల్షియము చేరి, కాఠిన్యము 58 పెరుగును. 5 గ్రాముల ఎప్సం లవణము వేసిన లీటరుకు సుమారు 5 మి.గ్రా. మెగ్నీషియము చేరి, కాఠిన్యము 20 పెరుగును. జిప్సము నెమ్మదిగా కరుగును గనుక వేరుపాత్రలో కరిగించి పోయవలెను.

ఇనుమును నీటికన్న వేళ్లకు అందించుట మంచిది. అడుగున ఒక అంగుళము ఎర్రమట్టి పరచి, దానిపై రెండు అంగుళములు కడిగిన ఇసుక కప్పవలెను. ఆమ్లజని తక్కువగా నుండు ఆ పొరలో మట్టిలోని ఇనుము వేళ్లు గ్రహింపదగిన రూపమునకు మారును.

కనిపించని రెండు కారణములు

నీటిని సరిదిద్దిన పిమ్మట కూడ కాఠిన్యము మరల పెరుగుట కలదు. అందుకు మొదటి కారణము రాళ్లు. అందమునకై వేయు పాలరాయి ముక్కలు, గవ్వలు, కడప బండ ముక్కలు, ఇవన్నియు నీటిలో కొద్దికొద్దిగా కరుగుచుండును. తొట్టిలో వేయుటకు ముందు రాతిపై విలీన హైడ్రోక్లోరికామ్లపు చుక్కను వేసి చూడవలెను. బుడగలు పొంగినచో అది సున్నపురాయి. డోలమైటు అంత త్వరగా పొంగదు. గీకి పొడిచేసిన చోట చుక్క వేసిన పొంగును. గ్రానైటు, పలుగురాయి పొంగవు, అవి వాడదగినవి.

రెండవది మన ఎండ. ఆవిరియై పోవునది నీరు మాత్రమే. లవణము తొట్టిలోనే నిలుచును. 150 కాఠిన్యము గల 40 లీటర్లలో 6,000 మి.గ్రా. లవణము కలదు. దినమునకు అర లీటరు ఆవిరి కాగా, ఆ లోటును 400 కాఠిన్యము గల బావినీటితో నింపినచో రోజుకు 200 మి.గ్రా. చొప్పున నెలలో మరి 6,000 మి.గ్రా. చేరును. అనగా కాఠిన్యము 300 అగును. అందు కొంత అద్దముపై సున్నమై తేలినను పెరుగుదల తప్పదు. అదే లోటును వాననీటితోగాని ఆర్.ఓ. నీటితోగాని నింపినచో 150 చెక్కుచెదరదు. నీరు ఇంకని పల్లపు పొలములలో చౌడు తేలుటకును కారణము ఇదియే. చేపల తొట్టి మన పొలమునకు ఒక చిన్న నమూనా.

ఏ మొక్కలు, ఏ చేపలు?

ఇంత తెలిసిన పిమ్మట నీటిని మొక్కకు సరిపరచుటకన్న నీటికి తగిన మొక్కను ఎన్నుకొనుట సుఖమని తోచును. కాఠిన్యము 200, 300 ఉన్న నీటిలో వాలిస్నేరియా, హైడ్రిల్లా, సెరటోఫిల్లము చక్కగా పెరుగును. గప్పీ, మోలీ చేపలకు కఠినజలమే హితము. అమెజాను నదీప్రాంతపు మృదుజలములలో పుట్టిన నియాన్ టెట్రా వంటి చేపలను, కబొంబా వంటి మొక్కలను కోరువారు మాత్రమే నీటిని బాగుగా పలుచన చేయుటకు పూనుకొనవలెను.

తరగతిలో చేయదగిన పని

రెండు గాజు జాడీలలో ఒకే పొడవుగల హైడ్రిల్లా కొమ్మలనుంచి, ఒకదాన బావినీటిని, రెండవదాన ఒక పాలు బావినీటికి మూడు పాళ్లు వాననీటిని కలిపి పోసి, వెలుతురు బాగుగా తగులుచోట పెట్టవలెను. రెంటిలో తెల్లవారునప్పుడు, మధ్యాహ్నము పి.హెచ్. విలువను, వారమున కొకసారి కాఠిన్యమును, క్షారతను వ్రాసికొనవలెను. వెలుతురులో పి.హెచ్. పెరుగుటయు, బావినీటి జాడీలో ఆకులపై సున్నము ఏర్పడిన కొలది క్షారత తగ్గుటయు విద్యార్థులు స్వయముగా గమనింపగలరు.

దీనితోబాటు ప్రతి విద్యార్థి తన యింటివారు వాడు నీటిని ఒక సీసాలో తెచ్చి కొలిచి, ఆ అంకెను ఊరి పటములో ఆయా బావి, బోరు ఉన్నచోట వ్రాయవలెను. వేసవిలో ఒకసారి, వానలు వెలసిన పిమ్మట ఒకసారి ఇట్లు చేసినచో ఏ వీధి నీరు ఎట్టిదో, ఋతువును బట్టి ఎట్లు మారునో తెలియును. చేపల తొట్టికి ఏ నీరు తగునని వెదకుచు ఆరంభించిన ఈ పని, తమ ఊరు త్రాగు నీటిని తామే కొలిచి తెలిసికొను విద్యగా పరిణమించును. ఉపాధ్యాయులు ఈ పనికి పూనుకొందురు గాక.